పదకొండో కన్ను

జూన్ 3, సోమవారం

జనవరిలో సంఘం వాళ్లు పంచిన డైరీ ఇది. ఐదు నెలలుగా నా భార్య బాలలక్ష్మి దీన్ని కందిపప్పు డబ్బా మీద మూతగా వాడింది. అట్ట మీద గుండ్రటి మరక పడింది. ఇవాళ గుంజుకున్నాను. ఏడో తరగతి చదివినవాడికి డైరీ ఎందుకని అడిగింది. ఈ సంతోషం ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నా ఛాతీ పగిలేట్టుంది, అందుకు.

పొద్దున్నే మా వెండి తీగ పనివాళ్ల సంఘం అధ్యక్షుడు హనుమండ్లు వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడవలేదు, గడప దాకా తెచ్చాడు. పదవి వచ్చినప్పటి నుంచి అంతే. పని చేతకాకనే అధ్యక్షుడయ్యాడన్న సంగతి కరీంనగర్‌లో తీగ పట్టిన ప్రతివాడికీ తెలుసు. అయినా ఇవాళ ఆ నోటి నుంచి రెండు మంచి మాటలు వచ్చాయి కాబట్టి చాయ్ పోయించాను.

ఒకటి. జూలై ఆరున మొదలయ్యే ప్రదర్శనలో హాలు ముందర ఆరడుగుల బోర్డు పెడతారట. దాని మీద నా నెమలి. నెమలి ఆకారంలో చేసిన నా పన్నీరు బుడ్డి, ఇరవై నాలుగు కన్నుల తోకది. చేసినవాడి చేతుల్లో ఉన్నట్టు ఫోటో కావాలట. ఎంతమంది ఎంత ఏడ్చి ఉంటారో తలుచుకుంటే కడుపు నిండిపోతోంది.

రెండు. ఆ ఫోటో నా బిడ్డ సృజన తీయాలి. అది బాగుంటే సంఘం అచ్చు వేయించే పుస్తకంలో అరవై వస్తువుల ఫోటోలూ ఆమెవే. బాగుండకపోతే హైదరాబాదు నుంచి ఎవరినో పిలుస్తారు. "బాగుండకపోతే" అన్నప్పుడు ఆ మనిషి మా ఇంటి గోడ మీద పెచ్చులు ఊడిన చోటే చూశాడు. చూడనీ.

ఆరేళ్లు కొండల్ స్టూడియోలో ఆల్బములు అతికించింది నా బిడ్డ. రెండు నెలల కింద మానేసి సొంతంగా మొదలుపెట్టింది. పెళ్లికి ఆడపిల్ల ఫోటోలు తీయడమేమిటని ఎవరూ పిలవరు. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించుకునే వాళ్లు మాత్రం అప్పుడప్పుడు పిలుస్తారు. ఈ పుస్తకం రాకపోతే మళ్లీ కొండల్ దగ్గరికే పోవాలి. ఆమె అనలేదు. నాకు తెలుసు.

వస్తుంది. రాయమల్లు నెమలి, రాయమల్లు బిడ్డ ఫోటో. ఇంకెవడు అడ్డం?

జూన్ 5, బుధవారం

కొండల్ తన కొత్త కెమెరాను కిరాయికి ఇచ్చాడు. తనే తెచ్చాడు, అత్తారింట్లో పెళ్లికూతుర్ని దింపినట్టు. నేను కూర్చున్నంతసేపట్లో "అరవై ఒక్క మెగాపిక్సెల్ మామా" అని మూడుసార్లు అన్నాడు. అదేమిటని అడిగితే ఫోటో అంటే చుక్కలే అన్నాడు. సృజన పాత కెమెరా పన్నెండు మెగాపిక్సెలేనట, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలట, తనదాంట్లో ఆరు కోట్ల పది లక్షలట. వెలుగు పడే రేకు మాత్రం రెండింట్లోనూ ఒకటే సైజు, అగ్గిపెట్టె కంటే కొంచెం చిన్నది. అంత జాగాలోనే ఇతను ఆరు కోట్ల చుక్కలు ఇరికించాడు. ఒక గదిలో పదిమందిని పడుకోబెట్టి ఇల్లు పెద్దదైందని చెప్పినట్టుంది. చుక్కలు ఎక్కువ పెడితే ముగ్గు బాగుంటుందా? వేసే చెయ్యి ఉండాలి. ఇంత బుద్ధి లేనివాడి దగ్గర నా బిడ్డ ఆరేళ్లు ఎలా ఉందో.

ఫోటోలు మధ్యాహ్నం తీసింది. వెండి మీద ఫ్లాష్ కొడితే తెల్లగా కాలిపోయినట్టు వస్తుందట. అందుకని కిటికీకి నా తెల్ల పంచె అడ్డం కట్టింది. ఎండ పంచెలోంచి వడగట్టినట్టు దిగింది. నెమలి పాల మీద తేలినట్టుంది. నా పంచెకు ఇన్ని తెలివితేటలున్నాయని నాకు తెలియదు. కొండల్‌కు తోస్తుందా ఇది? లైట్లు, గొడుగులు, డబ్బాలు తప్ప అతనికి ఏం తెలుసు.

నేను రెండు చేతుల్లో నెమలిని పట్టుకున్నాను. ఫ్యాను గాలికి చెయ్యి కొంచెం కదిలింది. ఫ్యాను ఆపింది. తరువాత ఉక్కపోతకు కదిలింది. నీళ్లు తాగించింది. మోచేతుల కింద దిండ్లు పెట్టింది. చివరికి ఏదో చక్రం తిప్పి, కెమెరా రెప్ప జల్దిగా వేస్తేనే మసక కాకుండా వస్తుంది అంది. రెప్ప జల్దిగా వేస్తే వెలుగు తక్కువ పడుతుందట, తక్కువ పడ్డ వెలుగును గుంజి పెంచాలట, గుంజితే ఫోటోలో నాయిస్ వస్తుందట. నాయిస్ అంటే శబ్దం కదా, ఫోటోకు నోరుందా అన్నాను. నవ్వింది.

ఆమె పాత కెమెరాతో కొన్ని, కొండల్ దానితో కొన్ని తీసింది.

నిరుడు ఉగాదికి ఈ నెమలిని పూర్తి చేశాను. తరువాత కుంపటి ముందు కూర్చోలేదు. చేయలేక కాదు. దీని కంటే మంచిది ఏం చేయాలని.

జూన్ 6, గురువారం

ఇవాళ నా రోజు.

ల్యాప్‌టాప్‌లో రెండు కెమెరాల ఫోటోలూ పక్కపక్కన పెట్టించాను. పెద్దది చేయమన్నాను. ఇంకా అన్నాను. ఒక్కో చుక్క కనిపించేదాకా పెద్దది చేయించాను. కొండల్ ఫోటో నిండా రవ్వ, బిడ్డ చెప్పిన నాయిస్ ఇదే. ఉప్మా రవ్వ చల్లినట్టు నా వేళ్ల మీద, నెమలి మెడ మీద, వెనక నీడలో అంతటా ఎర్రవీ పచ్చవీ గింజలు. సృజన కెమెరాది చూస్తే నున్నగా ఉంది. అరవై ఒకటి ఓడింది, పన్నెండు గెలిచింది. బాలలక్ష్మిని వంటింట్లోంచి పిలిచి చూపించాను. ఆమె చేతికి పిండి ఉంది, అయినా వచ్చి చూసి "గింతేనా" అని పోయింది. ఆడవాళ్లకు గెలుపు ఎట్లా ఉంటుందో తెలియదు.

సృజన ఒప్పుకోలేదు. "బాపు, నువ్వు దాన్ని దీనికంటె రెండింతలకు పైన పెద్దగ చేసి చూస్తున్నవ్. రెండింటిని ఒకటే సైజుల చూడాలె."

మూడో సందులోని ల్యాబుకు పోయి రెండు ఫోటోలనూ ఒకే సైజు కాగితం మీద తీయించుకొచ్చింది. ఇప్పుడు చెప్పు అంది. రవ్వ రెండింట్లోనూ ఒకలాగే ఉందట, కొండల్ దాంట్లో మాత్రం తీగలు విడివిడిగా కనిపిస్తున్నాయట. దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను. నాకు రెండూ ఒక్కటే. ఆ మాటే అన్నాను. ఒక్కటే అయినప్పుడు అరవై ఒకటి దేనికి?

అప్పుడు మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "రవ్వ ఒక్కో ఫోటోల ఒక్కో దిక్కు పడ్తది బాపు. తీగ అట్ల కాదు, అన్నిట్ల ఒకటే జాగల ఉంటది. గట్లనే పోల్చుకోవాలె."

చూపిద్దామని తోక వైపు జరిపింది. జరుపుతూ జరుపుతూ ఆగింది. ఇంకో ఫోటో తెరిచింది, ఇంకొకటి తెరిచింది. ల్యాప్‌టాప్ మూసేసింది. ఆకలైందేమో. బువ్వ కూడా సరిగా తినలేదు.

జూన్ 7, శుక్రవారం

నా మాటే నెగ్గింది. సృజన అరవై ఒకటిని వాపసు ఇచ్చేసి, హనుమండ్లుకు పాత కెమెరా ఫోటోనే పంపింది. నువ్వు చెప్పిందే నిజం బాపు అంది. కొండల్ ముఖం చూడటానికి నేనే బజారుకు పోయాను, ఊరికే.

జూన్ 11, మంగళవారం

హనుమండ్లు బుర్రలో పేడ ఉందని నేను ఎప్పటి నుంచో అంటున్నాను.

ఫోటోను బోర్డు సైజుకు పెంచి చూశారట. గడప మీద నిలబడే చెప్పాడు. "రాయమల్లన్నా, బొమ్మ మంచిగనే ఉన్నది గని తీగ ఏది? రెండు తీగలు మెలేసిన చోట ఒకటే మందం గీత కనవడ్తున్నది. వెండి తీగ పని లెక్క లేదు, స్టీలు సామాన్ల దుకాణంల గిన్నె లెక్క ఉన్నది."

నా నెమలిని గిన్నె అన్నాడు. పదహారు నెలలు చేశాను దాన్ని. ఇతను జన్మలో చేసింది ఒక కుంకుమ భరిణె, దాని మూత ఇప్పటికీ పట్టదు.

సోమవారం లోపల మంచి ఫోటో ఇస్తే సరే, లేకపోతే హైదరాబాదు వాళ్లే అన్నాడు. సృజన సరే అంది. ఆమె ముఖం చూడాలనిపించలేదు.

అతను పోయాక బాలలక్ష్మి అంది, "ఆ కొండల్ దాంతోని తీసినయి ఉన్నయి గదనే, గవ్వి పంపరాదు?"

"అవి మంచిగ రాలే అవ్వా," అంది సృజన తల్లితో.

"రాకపోవుడేంది? నేను జూసిన గద."

"రవ్వ ఉన్నది. బాపు చూసిండు."

చూశావా, నా బిడ్డకు నా కన్ను మీద ఎంత నమ్మకమో. సంతోషంగా ఉండాలి. బాలలక్ష్మి మాత్రం ఆమెను ఒకలాగా చూసింది, తరువాత నన్ను కూడా అలాగే చూసింది. ఎందుకో అడగలేదు.

జూన్ 12, బుధవారం

సృజన బాసర పోయింది. భైంసా నుంచి ఎవరో పిల్లవాడికి అక్షరాభ్యాసం చేయిస్తున్నారట. రేపు వస్తుంది.

నేను ఇంట్లో ఒక్కడినే ఉన్నాను. హనుమండ్లు నోరు మూయించాలని ఒక ఆలోచన చేశాను. కొండల్ కెమెరా ఫోటోలో రవ్వ ఎంత ఉందో లెక్కపెట్టి, కాగితం మీద రాసి, అతని ముఖాన కొడదామని. ల్యాప్‌టాప్ తెరవడం పెద్ద విద్యేమీ కాదు. ఆమె చేసినట్టే చేశాను. పెద్దది చేశాను. రవ్వ వచ్చింది. ఎడమ నుంచి లెక్క మొదలుపెట్టాను. తోక మీద ఒక్కో కన్ను దగ్గర ఎన్ని గింజలున్నాయో.

పదకొండో కన్ను దగ్గర గింజ పెద్దదిగా ఉంది. నల్లగా ఉంది.

ఇది బాగా పెద్ద రవ్వ అనుకున్నాను, కొండల్‌కు చూపించాలి అనుకున్నాను. ఇంకో ఫోటో తెరిచాను, దాంట్లో ఎంత ఉందో చూద్దామని. మిగతా గింజలన్నీ వేరే చోట్ల ఉన్నాయి. మొదటి దాంట్లో ఎర్రగా ఉన్న చోట రెండో దాంట్లో ఏమీ లేదు. రెండో దాంట్లో పచ్చగా ఉన్న చోట మొదటి దాంట్లో లేదు. పదకొండో కన్ను దగ్గర నల్లది అక్కడే ఉంది.

మూడోది తెరిచాను. అక్కడే ఉంది.

నాలుగోది. ఐదోది. తొమ్మిది ఫోటోలున్నాయి, తొమ్మిదీ తెరిచాను.

అక్కడే.

అది రవ్వ కాదు. సందు. కన్ను లోపల చుట్టిన సన్న తీగ, అంచు తీగకు ఆనలేదు. టంకం పట్టలేదు. కొస గాలిలో ఉంది. అప్పుడే తీగ లాగే కమ్మచ్చు పట్టిన పిల్లవాడు చేస్తే నేను చెవి మెలేసే తప్పు.

ఇట్లాంటి తప్పు చేసినవాణ్ని నలభై ఏళ్లలో ఎంతమందిని ఎన్ని మాటలన్నానో. గుడ్డివాడా అన్నాను. తీగకూ తాడుకూ తేడా తెలియదా అన్నాను. ఒకతన్ని హుస్నాబాద్‌కు పోయి కొడవళ్లు కొట్టుకోమన్నాను. అతను నిజంగానే పోయాడు.

ల్యాప్‌టాప్ మూశాను. పాత కెమెరా ఫోటోలో ఇది కనిపించదు. చూశాను. అక్కడ అంతా నున్నగా ఒకటే గీత. హనుమండ్లు అన్న గిన్నె.

తులం వెండిని కమ్మచ్చులో లాగితే మందంగా మూర తీగ వస్తుంది అనుకుందాం. ఇంకా సన్న రంధ్రాల్లోంచి లాగితే అదే తులం పది మూరలవుతుంది. సన్న తీగ విడిగా పట్టుకుంటే బలం లేదు, వణుకుతుంది, వంగుతుంది. అందుకని సన్న తీగ పనికిరాదని ఎవడన్నా అంటాడా? వెండి తగ్గలేదు కదా. మొత్తం వస్తువు చేతిలో పట్టుకుంటే బరువు అంతే, నెమలికి ఈకలు మాత్రం వస్తాయి. మందం తీగతో ఈకలు రావు. ఆ రేకు మీద పడే వెలుగూ అంతే కదా. పన్నెండు వాటాలు వేసినా, అరవై ఒక్క వాటాలు వేసినా. నేను ఒక్క తీగను పీకి చూసి బలం లేదన్నాను. బిడ్డ మొత్తం వస్తువును చూడమంది.

నా జీవితమంతా చేసిన పని ఇదే. నాకే చెప్పవలసి వచ్చింది.

ఆమె గురువారం నాడే చూసింది. ల్యాప్‌టాప్ మూసిన రోజే.

జూన్ 13, గురువారం

సృజన వచ్చింది. ఎండ బాగా ఉంది.

జూన్ 14, శుక్రవారం

పొద్దున చాయ్ దగ్గర అడిగాను. బాలలక్ష్మి కూడా ఉంది.

"పదకొండో కన్నుల తీగ పట్టలే బిడ్డా."

సృజన గ్లాసు కింద పెట్టింది. "ఎప్పుడు చూసినవ్?"

"నువ్వు చూసినంక ఆరు రోజులకు."

చాయ్ గ్లాసును దూరం జరిపింది.

"మరి చెప్పవైతివి?"

"ఏమని చెప్పాలె బాపు? పని తెలిసినోళ్లంత వస్తరు ఆడికి. ఆరడుగుల బోర్డు మీద, నీ పేరు కింద, గా సందు కనవడాల్నా?"

"నీ పుస్తకం పోతుంటే?"

"పుస్తకం ఇంకోటి వస్తది."

"ఏడికెల్లి వస్తది?" అన్నాను. గ్లాసులో మిగిలిన చాయ్ పారబోయడానికి లేచింది. అబద్ధం ఆమెకు చేతకాదు. వారం రోజులు ఒక్క అబద్ధం మోసేసరికే బక్కచిక్కిపోయింది.

బాలలక్ష్మి మధ్యలో అందుకుంది. "నిరుడు పండుగ కాడ్నించి చెప్తున్న, కండ్లు చూపిచ్చుకో అని. సూదిల దారం నాతోని ఎక్కిపిచ్చుకునుడు, పేపర్ల పెద్ద అక్షరాలే చదువుడు. చెప్తే ఇంటడా? ఉక్కపోత అంటడు, ఫ్యాను గాలి అంటడు."

ఈమె ఇవన్నీ ఎప్పుడు చూసింది? ముప్పై ఎనిమిదేళ్లుగా పప్పు డబ్బాలు చూసుకుంటోంది అనుకున్నాను.

మధ్యాహ్నం సంఘం ఆఫీసుకు పోయి, ప్రదర్శన కోసం అప్పజెప్పిన నెమలిని తెచ్చాను. పాలిష్ తగ్గింది, కుంకుడు రసంతో కడగాలి అని చెప్పాను. హనుమండ్లు నమ్మాడు. నమ్మాడు కాబట్టి అతని మీద ఇంకా అసహ్యం వేసింది. అసహ్యం అతని మీదేనా అని అడిగే వాళ్లు డైరీలో ఎవరూ లేరు, మంచిదే.

జూన్ 15, శనివారం

కొండల్ దగ్గరికి నేనే పోయాను.

"మల్ల ఎందుకు మామా, పన్నెండే మంచిదంటివి గద," అన్నాడు. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు, వాళ్లు వినేట్టు అన్నాడు. ఇంకో రోజైతే చెప్పేవాణ్ని. ఇవాళ నా నోరు పని మీద ఉంది. కెమెరా ఇవ్వు అన్నాను, ఇచ్చాడు.

ఈ ఏటి ఉగాది కాదు, నిరుటి ఉగాది తరువాత మొదటిసారి కుంపటి రాజేశాను. సృజన కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి, తీగ కలిపి, టీవీలో బొమ్మ వచ్చేట్టు చేసింది. పదకొండో కన్ను టీవీలో అన్నం పళ్లెం అంత వచ్చింది. సందు నా వేలు పట్టేంత వెడల్పుగా ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది కూడా నన్ను చూసింది.

తీగ పట్టే పట్టకారు, మా శ్రావణం, చేతిలోకి తీసుకున్నాను. టీవీలో శ్రావణం మొన కనిపించింది. అది అటు పోతుంది, ఇటు పోతుంది. తీగ కొసను పట్టుకోబోయి రెండుసార్లు పక్క కన్నును తాకింది. ఫ్యాను ఆపే ఉంది. ఉక్కపోత కాదు.

"బిడ్డా, ఇటు కూసో," అన్నాను.

ఆమె పదేళ్లప్పుడు నా పక్కన కూర్చుని రోజూ తీగ మెలేసేది. పన్నెండో ఏట నేనే లేపి పంపించాను, ఆడపిల్లకు కుంపటి ఎందుకని. ఎవరో అన్నారని. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు లేదు. వాళ్ల మాట విన్న నేను మాత్రం గుర్తున్నాను.

శ్రావణం ఆమె పట్టింది. మొన కదలలేదు. టంకం పారేందుకు వెలిగారం ముద్దను ఈకతో పెట్టించాను, దాని మీద టంకం పొడి చిటికెలో సగం. ఊదుగొట్టం నేను తీసుకున్నాను. నా ఊపిరి వణకదు.

ఇక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఊదితే కన్ను మొత్తం కరిగి బొట్టు అవుతుంది. పక్క కన్నులు కూడా పోతాయి. పదహారు నెలలు ఒక బొట్టు. టీవీ చూస్తూ ఊదాను. వెలిగారం పొంగింది, అణిగింది, గాజులా మెరిసింది. నేను చెప్పేలోపే ఆమె తీగను అంచుకు ఆనించింది. పొడి కరిగి, పారింది, సందులోకి నీళ్లు పోయినట్టు పోయింది. ఊదడం ఆపాను.

ఇద్దరం టీవీ వైపే చూస్తున్నాం. సందు లేదు.

బాలలక్ష్మి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. "బువ్వ సల్లారిపోతున్నది" అని పోయింది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

జూన్ 16, ఆదివారం

పంచె మళ్లీ కిటికీకి ఎక్కింది. నేను చేతులు చాపాను. సృజన చక్రం మీద చెయ్యి పెట్టింది, మళ్లీ వెలుగును గుంజడానికి.

వద్దన్నాను. నెమలిని ఆమె చేతుల్లో పెట్టాను.

"చేసినోడి చేతులు కావాలె అన్నరు గద బాపు."

"పదకొండో కన్ను ఎవలు చేసిన్రు?"

ఆమె చేతులు బండ మీద పెట్టిన బండలా ఉన్నాయి. రెప్ప నిదానంగా వేయవచ్చట, వెలుగును గుంజే పని లేదట. కెమెరా స్టాండు మీద ఉంది, దాని నుంచి ఒక తీగ, తీగ కొసకు బొత్తం. బొత్తం నా చేతికి ఇచ్చింది. చెయ్యి వణికినా పరవాలేదట, కెమెరాకు తగలదు.

నొక్కాను. తొమ్మిదిసార్లు.

జూన్ 17, సోమవారం

హనుమండ్లు ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేశాడు. చేస్తూనే ఉన్నాడు. తీగలు ఒక్కొక్కటీ విడివిడిగా, మెలికలతో సహా. గిన్నె అన్న నోరు తెరుచుకుని ఉంది. తరువాత వేళ్ల దగ్గరికి వచ్చాడు.

"గీ చేతులెవలివి?"

చెప్పాను. మొత్తం చెప్పాను, పాలిష్ అన్న అబద్ధంతో సహా. ఇతని ముందు చెప్పవలసి రావడం నా ఖర్మ.

"సందు పూడినంక ఎవలికి తెలుస్తదన్నా? ఎందుకు చెప్తున్నవ్?"

"నాకు తెలుసు గద."

బోర్డు మీద ఒక్క పేరే ఉంటుంది, ఆడపిల్ల చేతులు పెడితే వాళ్లూ వీళ్లూ అడుగుతారు అన్నాడు. రెండు పేర్లు లేకపోతే నెమలి ఇంటికి పోతుందన్నాను. కమిటీలో పెడతానన్నాడు. కమిటీ అంటే ఇతనూ, ఇతని లాంటి ఇంకో ముగ్గురూ.

జూన్ 19, బుధవారం

రెండు పేర్లు. అరవై వస్తువులు. కమిటీ ఒప్పుకుంది. సృజన బాలలక్ష్మిని ఎత్తుకుని తిప్పింది. ఈ వయసులో నడుం పడుతుందని తిట్టాను. నన్ను ఎత్తబోయింది. తప్పించుకున్నాను.

జూన్ 25, మంగళవారం

కంటి డాక్టరు రెండు కండ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు, ఉన్నాయన్నాడు. ఏడాది ముందే రావలసింది అన్నాడు. పాతికేళ్లు కూడా లేవు అతనికి. బాలలక్ష్మి అతని మాటకు మాటకు తల ఊపింది. వచ్చే నెల ఆపరేషన్.

జూలై 6, శనివారం

పోయి చూశాను.

హాలు ముందర ఆరడుగులు. నా నెమలి, నా బిడ్డ చేతులు. కింద రెండు పేర్లు, రాయమల్లు, సృజన. అక్షరాలు పెద్దవే, చదవగలిగాను. జనం దూరం నిలబడి చూస్తున్నారు, మంచి బుద్ధిగలవాళ్లు. నేను మాత్రం ముక్కు ఆనేంత దగ్గరికి పోయి పదకొండో కన్నును వెతికాను. ఆరడుగుల మీద అది నా అరచేతి అంత ఉంది. తీగ అంచుకు ఆని ఉంది. టంకం పారిన చోట సన్నని మెరుపు, తెలిసిన వాడికే కనిపిస్తుంది. రవ్వ లేదు. నీడలో వెతికాను, వేళ్ల మీద వెతికాను. లేదు.

హుస్నాబాద్ పోయి కొడవళ్లు కొట్టుకొమ్మన్న అతను కూడా వచ్చాడు, తల నెరిసింది. పక్కన నిలబడి పదకొండో కన్ను వైపు చూశాడు. అక్కడ అతికించినట్టుంది మామా అన్నాడు. అవును, నా తప్పు, నా బిడ్డ దిద్దింది అన్నాను. అతను నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. నేను దిగలేక కాదు. అయినా దిగనిచ్చాను.

కొండల్ గేటు దగ్గర ఇద్దరు ముగ్గురిని పోగేసుకుని చెబుతున్నాడు, అరవై ఒక్క మెగాపిక్సెల్ అని, తన కెమెరాతో తీసిందే అని. ఎవరు తీశారని ఒకతను అడిగాడు. ఎవరైతేనేం, కెమెరా అట్లాంటిది అన్నాడు.

పక్క నుంచి పోతూ విన్నాను. ఆ మనిషికి చెప్పి నా నోరు అరగదీసుకోవడం దేనికి. పంచె కట్టిన తెలివి, వెలుగు, రెప్ప అన్నీ నా బిడ్డవి. ఇక్కడ రాసుకుంటే చాలు. బొత్తం నొక్కింది నేను.